ఇల్లు తేలికపడుట – బిడ్డలకు దాసోహ పాఠము



కాయకము, దాసోహము అను రెండు మాటలు మన ఇండ్లలో నిత్యము వినబడునవే. కాయకమును గూర్చి బిడ్డలకు చెప్పుట సులభము. తండ్రి అంగడికి పోవుట, తల్లి పొలమునకో కార్యాలయమునకో పోవుట, తాను బడికి పోవుట, ఇదియే కాయకమని ఎనిమిదేండ్ల బాలుడును గ్రహింపగలడు. దాసోహమును గూర్చి చెప్పుట అంత సులభము గాదు. మఠమున పంక్తిలో కూర్చుండి భుజించుటయే దాసోహమని మన పిల్లలలో పెక్కుమంది తలంచుచున్నారు. తినుట వారికి తెలిసినది. ఇచ్చుట ఇంకను తెలియవలసియున్నది.

ఆ ఇచ్చుట ఎక్కడ ఆరంభింపవలెను? మన ఇంటిలోనే ఆరంభింపవలెను. అటక మీద, బీరువాలో, మంచము క్రింద, ఆటబొమ్మల గంపలో పేరుకొనియున్న వస్తువులను తీసి, కావలసినదానిని నిలుపుకొని, అధికమైనదానిని తగినవారికి చేర్చుటయే బిడ్డలకు మనము చెప్పగల తొలి దాసోహ పాఠము. అయితే ఈ పని చేయు తీరునుబట్టియే ఫలము కలుగును. ఒక తీరున చేసినచో బిడ్డ ఇచ్చుట నేర్చును; మరియొక తీరున చేసినచో దాచుట నేర్చును. ఆ రెంటికిగల భేదమును తెలిసికొనుటయే ఈ పాఠముయొక్క ప్రయోజనము.

1. లక్కమ్మ చూపిన కొలత

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు, అనగా నేటి కర్ణాటక రాష్ట్రము బీదరు జిల్లాలోని బసవకల్యాణమందు, బసవేశ్వరుడు బిజ్జలుని కోశాధికారియై యుండెను. ఆయన మహామనెయందు నిత్యము జంగమారాధన జరుగుచుండెను. అచ్చట బియ్యము కొలుచునప్పుడు కొన్ని గింజలు నేలపాలగుచుండెడివి. ఆ గింజలను ఏరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్యగారి కాయకము. ‘ఆయ్దక్కి’ యనగా కన్నడమున ఏరిన బియ్యమని యర్థము. ఆ బియ్యముతోనే ఆయన ధర్మపత్ని లక్కమ్మగారు వండి, జంగములకు పెట్టి, ఆపిమ్మట దంపతులు ప్రసాదము స్వీకరించుచుండిరి.

ఒకనాడు మారయ్య అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి, ఇది మన కొలతను మించినది, అధికమైనదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను కోరెను. మారయ్య అట్లే చేసెను. ఈ కథ మనకందరకును తెలిసినదే. కాని మన ఇంటి సామానును దృష్టియందుంచుకొని దీనిని మరల చదువుదము. ఇందు మూడు సంగతులు కనబడును.

మొదటిది: లక్కమ్మకు తన ఇంటి కొలత తెలియును. నేటికెంత కావలెనో ఆమె యెరుగును గనుక ఎక్కువైనది వెంటనే కంటబడినది. కొలత తెలియని ఇంట ఎంత చేరినను ఎక్కువైనట్లు తోచదు.

రెండవది: ఆమె ఆ బియ్యమును పారవేయించలేదు. ఎచ్చట అది ఆకలి తీర్చునో అచ్చటికి మరల పంపినది. వస్తువు ఇల్లు విడుచుట వేరు, వ్యర్థమగుట వేరు.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. ఆ పని మారయ్య చేతితోనే జరిగినది. భర్త నిద్రించినపుడు చాటుగా లక్కమ్మ పోసి రాలేదు. తెచ్చినవారికి తెలియజెప్పి, వారిచేతనే ఇప్పించినది. అందుచేతనే అది దాసోహమైనది. చాటుగా చేసియున్నచో అది ఇంటిలో ఒకరి వస్తువును మరియొకరు తీసివేయుట మాత్రమే అయియుండెడిది.

2. ఇంట అధికము చేరు దారులు

మన పూర్వుల ఇండ్లలో వస్తువులు తక్కువ, తావు ఎక్కువ. నేటి పట్టణపు ఇండ్లలో తావు తక్కువ, వస్తువులు ఎక్కువ. ఈ మార్పు ఒక్కనాట రాలేదు. అధికము ఇంట చేరు దారులను గుర్తించినగాని దానిని అరికట్టజాలము.

పెండ్లిండ్లలో, గృహప్రవేశములలో వచ్చు స్టీలు గిన్నెలు, గడియారములు, దుప్పట్లు ఒక దారి. వానిని వాడము, ఇచ్చినవారేమనుకొందురోయని ఇతరులకీయము. పుట్టినరోజు వేడుకకు పోయిన ప్రతి బిడ్డయు తిరిగి వచ్చునపుడు ఒక చిన్న ప్లాస్టికు వస్తువును చేతబట్టుకొని వచ్చు ఆచారము మరియొక దారి. ఫోనుమీద వ్రేలు మోపినంతనే సామాను గుమ్మమునకు వచ్చుట ఇంకొక దారి. పగలెల్ల పనిమీద నుండి, బిడ్డతో కూర్చుండుటకు తీరిక చిక్కని తలిదండ్రులు ఆ లోటును బొమ్మలతో పూడ్చజూచుట అన్నిటికంటె పెద్ద దారి. బిడ్డ కోరినది తండ్రి ఒడి. దొరికినది చక్రముల బండి. మరునాడు ఆ బండి మూలబడును. కోరిక తీరలేదు గనుక బిడ్డ మరియొకదానినడుగును.

‘ఎప్పుడైనను పనికివచ్చును’ అను మాటయు నొక దారియే. కరవు కాలములను చూచిన మన తాతలు, అవ్వలు ఈ మాట అన్నారన్న అందు న్యాయమున్నది. ఒక మేకు, ఒక త్రాడు, ఒక డబ్బా వారికి నిజముగా పనికివచ్చినవి. కావున ఇంటి వృద్ధులు ఒక పాత డబ్బాను విడువజాలకున్నపుడు వారిని పరిహసింపరాదు. వారు దాచినది డబ్బాను గాదు, లేమిని దాటిన జ్ఞాపకమును.

3. బిడ్డ ఏల విడువడు?

బిడ్డ తన బొమ్మను విడువకున్నచో ‘స్వార్థపరుడు’ అని మనము తొందరపడి పలుకుదుము. అది న్యాయము గాదు. తనదనుకొన్న వస్తువునకు ఎక్కువ విలువ కట్టుట పెద్దలలోను గలదు. డేనియల్ కాహ్నమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అను పండితులు 1990లో ప్రకటించిన పరిశోధనయందు కొందరు విద్యార్థులకు ఒక్కొక్క కప్పునిచ్చి, దానిని అమ్మవలెనన్న ఎంత కోరుదురని అడిగిరి. కప్పు లేనివారు కొనుటకు ఇత్తుమన్న ధరకు, కప్పు గలవారు కోరిన ధర సుమారు రెట్టింపు ఉండెను. కప్పు అదియే, ‘నాది’ అను మాట మాత్రమే దాని విలువను పెంచినది. చదువుకొన్న పెద్దలే ఇట్లుండగా అయిదేండ్ల బాలుని తప్పుపట్టుట ఎట్లు?

పసిపిల్లల విషయమున మరియొక విశేషమున్నది. కొందరు బిడ్డలు ఒక పాత దుప్పటి ముక్కనో, మాసిన గుడ్డబొమ్మనో పట్టుకొనినగాని నిదురింపరు. డొనాల్డ్ వినికాట్ అను ఆంగ్ల శిశువైద్యుడు 1953లో ప్రకటించిన వ్యాసమున ఇట్టి వస్తువును గూర్చి వివరించినాడు. తల్లి దగ్గర లేని వేళ బిడ్డకు ఊరటనిచ్చునది ఆ వస్తువే. దాని వాసన మారినను బిడ్డ మనసు కలత చెందునని తెలిసి తల్లులు దానిని ఉదుకుటకును సంకోచింతురు. కాలక్రమమున బిడ్డయే దానిని మరచును. కావున అట్టి వస్తువును ఎంత మాసినదైనను మనము తొలగింపరాదు. దాని గడువును బిడ్డయే నిర్ణయించును.

ఇక బొమ్మలు తగ్గినచో బిడ్డకు లోటగునను భయము తల్లులకుండును. అమెరికా దేశమందలి టొలీడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రకటించిన పరిశీలనయందు 36 మంది పసిబిడ్డలను ఒకమారు 4 బొమ్మలతోను, మరియొకమారు 16 బొమ్మలతోను ఆడుకొననిచ్చిరి. 4 బొమ్మలున్నపుడే బిడ్డలు ఒక్కొక్కదానితో ఎక్కువసేపు, ఎక్కువ విధములుగా ఆడుకొనిరి. కొలత తప్పిన ఇంట బిడ్డ ఆటయు చెదరునని దీనివలన తెలియుచున్నది.

4. పెద్దల అటక ముందు, బిడ్డ గంప తరువాత

ఇంటిని తేలికపరుపదలచిన తలిదండ్రులు సాధారణముగా బిడ్డల బొమ్మలతో మొదలిడుదురు. ఇది క్రమము గాదు. తల్లి బీరువాలో పదేండ్లుగా కట్టని చీరలుండగా, తండ్రి అలమరలో చెడిపోయిన మూడు ఫోనులుండగా, ‘నీ బొమ్మలీయుము’ అను మాట బిడ్డ చెవికి దాసోహముగా వినబడదు, దండనగా వినబడును.

బసవేశ్వరుడు భండారమునకు అధికారియై యుండియు దానిని తనదనుకొనలేదు. కోశధనమును జంగములకు వ్యయపరచుచున్నాడని బిజ్జలునికి కొందరు చెప్పగా, లెక్క చూచినపుడు ధనము సరిగా నుండెనని బసవపురాణ కథ. మన ఇంటికి మనము భండారులమేగాని స్వాములము గామని పెద్దలు మొదట తమ వస్తువులయందు చూపవలెను.

కావున మొదటి వారము తల్లిదండ్రుల వస్తువులను మాత్రమే తీయవలెను. బిడ్డలను దగ్గర కూర్చుండబెట్టుకొని తీయవలెను. ‘ఈ చీర నాకెంతో ఇష్టము, కాని కట్టుకొని చాల ఏండ్లయినది, ఇది మరియొకరికి పండుగ చీర యగును’ అని తల్లి పైకి అనుచు మడిచిపెట్టినచో బిడ్డ వినును. ఆ క్షణమున ఆమెకు గలిగిన కొంచెము బాధనుగూడ దాచనక్కరలేదు. ఇచ్చునపుడు మనసు కలుక్కుమనుట తప్పు కాదనియు, కలుక్కుమన్నను ఈయవచ్చుననియు బిడ్డ గ్రహించును.

ఇచ్చట ఒక హెచ్చరిక. మన మార్గము ఇల్లు విడువుమని చెప్పినది గాదు. అక్కమహాదేవి సర్వమును త్యజించిన మహాయోగిని. ఆ త్యాగమును ఏడేండ్ల బిడ్డకు కొలబద్దగా చూపరాదు. గృహస్థునకు బసవేశ్వరుడు చూపినది కాయకముచే సంపాదించి, అవసరమునకు అనుభవించి, మిగిలినదానిని అర్పించు మార్గము. అనుభవించుటయు అందు భాగమే. బిడ్డకు ఆట వలయును, బొమ్మ వలయును. అధికము మాత్రమే వలదు.

5. బిడ్డతో కూర్చుండు విధము

మూడు, నాలుగేండ్ల లోపు బిడ్డకు ‘ఇచ్చుట’ యను మాట పూర్తిగా అర్థము గాదు. వీరి బొమ్మలను రెండు మూడు భాగములు చేసి, ఒక భాగమును ఆటకుంచి, మిగిలినవానిని లోపల పెట్టెలో భద్రపరచి, నెలకొకమారు మార్చుచుండవలెను. బిడ్డ ఏ బొమ్మను ఎన్నిమార్లు అడిగెనో గమనించినచో దేనికి కొలతలో చోటున్నదో తల్లికి తెలియును.

అయిదు మొదలు ఎనిమిదేండ్ల బిడ్డతో నాలుగు కుప్పలుగా విభజింపవచ్చును: నిత్యము ఆడునవి, బాగుచేయవలసినవి, ఈయదగినవి, ‘తెలియదు’ అనునవి. ఈ నాలుగవ కుప్ప మిక్కిలి అవసరము. ఇత్తువా, ఈయవా యని నిలదీసినచో బిడ్డ ఈయననియే చెప్పును. తెలియదనుటకు అనుమతించినచో ఆలోచించును. ఆ కుప్పను పెట్టెలో వేసి, పైన తేదీ వ్రాసి, రెండు మూడు నెలల తరువాత బిడ్డతోనే తెరువవలెను. ఒక్క కూర్పున అరగంటకు మించరాదు. ఆకలివేళ, నిద్రవేళ ఈ పని పెట్టుకొనరాదు.

ఆరేండ్ల మనుమనికిని అవ్వకును జరుగు సంభాషణను ఊహింతము.

“అవ్వా, ఈ లారీ నాదే కదా?”

“నీదే నాయనా. నీది కాబట్టే నిన్ను అడుగుతున్నాను. నాదైతే నేనే ఇచ్చేదాన్ని.”

“ఇస్తే మళ్ళీ రాదు కదా?”

“రాదు. అది నిజం. అంగన్‌వాడీలో పిల్లలు దాన్ని ఆడుకుంటారు.”

“దీని చక్రం ఊడిపోయింది కదా!”

“ఊడిన చక్రంతో ఇస్తామా? ముందు మీ నాన్నతో చెప్పి బిగించుకుందాం.”

“అయితే ఇవాళ వద్దు అవ్వా.”

“సరే నాయనా. నీకు ఎప్పుడు ఇవ్వాలనిపిస్తే అప్పుడు చెప్పు.”

ఈ సంభాషణలో బిడ్డ ఏమియు ఈయలేదు. అయినను పాఠము జరిగినది. వస్తువు తనదని అవ్వ ఒప్పుకొన్నది. మరల రాదను సత్యమును ఆమె దాచలేదు. చెడినదానిని ఈయరాదని తెలిపినది. ‘వద్దు’ అన్న మాటను మన్నించినది. తన ‘వద్దు’కు విలువ గలదని తెలిసిన బిడ్డయే ఒకనాడు మనస్ఫూర్తిగా ‘ఇత్తును’ అనగలడు. బలవంతముగా చేయి విప్పించినచో చేయి విప్పబడును గాని మనసు బిగియును.

తొమ్మిది, పదేండ్లు దాటిన బిడ్డలకు కుప్పలు చేయుటయందు మన సహాయము అక్కరలేదు. వారికి ఒక కొలతనిచ్చిన చాలును. వసతిగృహమున చదువుకొను విద్యార్థి తన సామానంతయు ఒక రేకుపెట్టెలో సర్దుకొనుట మన పెద్దలలో పలువురెరిగినదే. అట్లే ‘నీ పుస్తకములకు ఈ అర, ఆటవస్తువులకు ఈ పెట్టె’ యని తావును నిర్ణయించి, అందేమి నిలుపుకొనవలెనో వారికే విడువవలెను. తావు నిండినచో క్రొత్తది వచ్చుటకు పాతది కదలవలెనను న్యాయము వారికే బోధపడును. తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమార స్వాములవారు (1907–2019) వేలాది బాలురకు కులమత భేదము లేక అన్నము, వసతి, చదువు ఏర్పరచిరి. ఒకే పంక్తిలో అంతమంది బిడ్డలు కూర్చుండి భుజించు దృశ్యమును మన బిడ్డలకొకమారు చూపినచో, తన గంపలోని బొమ్మకు బయట ఎన్ని చేతులు గలవో మనము చెప్పనక్కరలేకయే తెలియును.

చేయరాని పనులు నాలుగు గలవు. బిడ్డ బడికి పోయినపుడు చాటుగా పారవేయరాదు. ‘మీ అక్క చూడు, ఎట్లిచ్చినదో’ యని పోల్చరాదు. ‘ఇచ్చినచో క్రొత్తది కొనిపెట్టుదును’ అని ఆశ చూపరాదు. అది దాసోహము గాదు, బేరము. ‘ఈయకున్న శివుడు కోపించును’ అని భయపెట్టరాదు. చాటుగా పోయిన బొమ్మను వెదకి వెదకి ఏడ్చిన బిడ్డ ఆనాటినుండి మంచము క్రింద, బట్టల మడతలలో దాచుట మొదలిడును. వాడు పోగొట్టుకొన్నది బొమ్మను మాత్రమే గాదు. తన ఇంట తన మాటకు విలువ గలదను నమ్మకమును గూడ.

6. వస్తువు చేరవలసిన చోటు

దానమునకును దాసోహమునకును భేదమున్నది. దానమిచ్చువాడు ‘నేనిచ్చితిని’ అనుకొనవచ్చును. దాసోహమనగా ‘నేను దాసుడను’ అని యర్థము. పుచ్చుకొనువానియందు శివుని చూచి ఇచ్చుట. పంచాచారములలో భృత్యాచారము బోధించు వినయము ఇదియే. ఈ భేదము వస్తువు రూపముననే తెలిసిపోవును. గుండీలు ఊడిన చొక్కా, సగము పుటలు చినిగిన పుస్తకము, చక్రములేని బండి ఇచ్చినచో అది మన చెత్తను ఒకరి ఇంటికి చేర్చుటయే. గుండీ కుట్టి, ఉదికి, ఇస్త్రీచేసి, మడిచి ఈయవలెను. ఈ పనులలో బిడ్డకును భాగమీయవలెను. చిన్న చేతులతో తుడిచిన బొమ్మను విడుచుట, అకస్మాత్తుగా పోగొట్టుకొనుటకంటె ఎంతో తేలిక.

బడి పుస్తకములు, సంచులు, పొట్టియైన యూనిఫారములు అదే బడిలో క్రింది తరగతివారికి చేరవలెను. కథల పుస్తకములు గ్రామ గ్రంథాలయమునకో, మఠము నడుపు వసతిగృహమునకో ఈయవచ్చును. సగము వాడిన నోటుపుస్తకములలోని తెల్లకాగితములను చించి కుట్టినచో చిత్తుపుస్తకమగును. బొమ్మలను అంగన్‌వాడీ కేంద్రమునకు ఇచ్చునపుడు ముందుగా అచ్చటి టీచరును అడిగి, వారికి కావలసినవి మాత్రమే ఈయవలెను.

కొన్నిటిని ఎవరికిని ఈయరాదు. నోట బట్టునంతటి చిన్న ముక్కలు ఊడు బొమ్మలు పసివారికి ప్రమాదకరములు. గుండీవంటి చిన్న బ్యాటరీలు గల బొమ్మలు మరింత అపాయకరములు. అట్టి బ్యాటరీని మ్రింగినచో రెండు గంటలలోపలనే అన్ననాళము కాలవచ్చును. చెడిన ఫోనులు, వైర్లు, బ్యాటరీలను ఇంటి చెత్తలో కలుపక వాటిని సేకరించు కేంద్రమునకు అప్పగింపవలెను.

మన తెలుగునాట భోగినాడు తెల్లవారుజామున పాత కట్టెసామానును మంటలో వేయు ఆచారమున్నది. పాతను విడిచి క్రొత్త పంటను ఎదుర్కొనుట దాని భావము. నేడు ఆ మంటలో ప్లాస్టికు కుర్చీలు, టైర్లు, బొమ్మలు పడుచున్నవి. ఆ పొగ విషము. అది మొదట పీల్చునది మంటచుట్టు నిలిచిన మన బిడ్డలే. పైగా, పనికివచ్చు వస్తువును కాల్చుట లక్కమ్మ మార్గము గాదు. భోగినాటికి ముందే ఈయదగినవానిని ఇచ్చి, పుచ్చిన కట్టెను మాత్రము మంటకు విడువవలెను.

7. విడువరానివి

అధికమును విడుచుటయనగా పాతదెల్ల విడుచుట గాదు. ఈ విచక్షణ లేక మన ఇండ్లనుండి ఎన్నియో అమూల్యములు పాత సామానువాని బండి నెక్కినవి.

తాళపత్రములు, పాత వ్రాతప్రతులు, పూర్వము అచ్చయిన వచన గ్రంథములు, బసవపురాణపు ప్రతులు, మఠములనుండి వచ్చిన లేఖలు, భూమి కాగితములు – వీనిని తూకమున కమ్మరాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) తెలుగు వ్రాతప్రతులను సేకరించి ప్రతులు వ్రాయించి యుండకున్నచో మన వాఙ్మయము ఎంతో నశించియుండెడిది. జంగముల మతాచారములను గూర్చియు ఆయన 1840లో ఒక వ్యాసము ప్రకటించెను. పరదేశీయుడు విలువ కట్టినదానిని మనము తూకమునకు వేయుట తగునా? ఇంట భద్రపరుప వీలులేనిచో మీ మఠాధిపతులకు చూపుడు. లేదా చెన్నపట్టణమందలి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయము వంటి సంస్థకు తెలుపుడు.

బిడ్డల విషయమునను ఒక జ్ఞాపకాల పెట్టె యుండవచ్చును. తొలి పలక, అవ్వ కుట్టిన గౌను, కొండపల్లిలో తెల్లపొణికి కట్టెతో చేసిన బొమ్మ, తాను మొదట గీసిన బొమ్మకాగితము ఇందు చేరును. పెట్టె ఒక్కటే, అది నిండినపుడు ఏది నిలుచునో బిడ్డయే ఎంచుకొనును. గీసిన కాగితములన్నియు దాచ వీలుకానిచో వానిని ఫోనులో ఛాయాచిత్రములు తీసి, మిక్కిలి ఇష్టమైన కొన్నిటిని మాత్రము నిలుపవచ్చును.

ఇంటిలో ఎవరైన లింగైక్యులైనచో వారి వస్తువులను తొందరపడి తీయరాదు. తాతగారి కళ్ళజోడును, కఱ్ఱను మరునాడే తొలగించినచో తాతయే తొలగింపబడినట్లు బిడ్డకు తోచును. కొంతకాలము గడిచిన పిమ్మట, బిడ్డనడిగి, వాడు కోరిన ఒక్క వస్తువును వానికి నిలిపి, మిగిలినవానిని పంచవలెను.

8. బసవ జయంతినాటి నియమము

బసవ జయంతి వైశాఖ శుద్ధ తదియనాడు జరుపుకొందుము. అదియే అక్షయ తృతీయ. ఆనాడు కొంచెమైనను బంగారము కొని ఇంటికి తేవలెనని అంగళ్ళవారు ఎల్లెడల ప్రకటించుచున్నారు. ఇంటికి తెచ్చిన వస్తువు అక్షయమగునని వారి మాట. ఇంటినుండి అర్పించినదే అక్షయమగునని బసవ మార్గము. ఒకే దినమున రెండు పాఠములు మన బిడ్డల చెవులబడుచున్నవి. మనము ఏ పాఠమును ఆచరించి చూపుదుమో దానినే వారు నేర్తురు.

ఈ దినము మనకు అనుకూలమైనది గూడ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండవ వారము వరకు ఉండును. బసవ జయంతి చాలమారులు ఆ సెలవులలోనే, లేదా వాటికి కొంచెము ముందు వచ్చును. తరగతి ముగిసినది, పుస్తకములు ఖాళీయైనవి, క్రింది తరగతి బిడ్డకు జూన్‌లో అవి కావలెను. కావున ప్రతి ఇల్లు ఈ నియమమును స్వీకరింపవచ్చును: జయంతికి ముందు మొదటి వారము పెద్దల వస్తువులు, రెండవ వారము బిడ్డల వస్తువులు, మూడవ వారము కుట్టుట, ఉదుకుట, అట్టలు వేయుట, జయంతినాడు ఇష్టలింగ పూజానంతరము బిడ్డ తన చేతితో ఒక వస్తువునైనను తగినచోటికి చేర్చుట.

మఠములవారును ఇందు సాయపడవచ్చును. ముంగిట ఒక అలమర పెట్టి, ‘బాగుగానున్న పుస్తకములు, బట్టలు ఇచ్చట నుంచుడు, కావలసినవారు అడుగకయే తీసికొనుడు’ అని వ్రాసిన చాలును. అడుగకయే తీసికొనుట ముఖ్యము. చేయి చాపించని దాసోహమే దాసోహము. ఇచ్చినవారి పేరు పలకకెక్కింపకుండుటయు మంచిది.

బంధువులారా! మన దేహముపై ధరించు ఇష్టలింగము అరచేత ఇముడును. అంతటి చిన్నదానిలో సమస్తమును చూడవచ్చునని నమ్మిన మనకు, ఇంటినిండ వస్తువులు లేనిచో లోటేమి? బిడ్డలకు మనము విడిచిపోవు సొత్తులో అటక మీది గిన్నెలు చిలుమునకు చేరును. ‘ఇది చాలును’ అని చెప్పగల నోరును, ‘ఇది నీకు’ అని చాపగల చేయియు వారివెంట కడవరకు నిలుచును.

పునశ్చరణ ప్రశ్నలు (ఇంట పెద్దలు, పిల్లలు కలిసి చర్చింపదగినవి)

1. మారయ్య తెచ్చిన అధిక ధాన్యమును లక్కమ్మ తానే పోసి రాక, ఆయననే ఏల పంపెను?

2. దానమునకు, దాసోహమునకు భేదమేమి? చినిగిన చొక్కానిచ్చుట ఏది యగును?

3. మన ఇంట ఒక సంవత్సరముగా ఎవరును ముట్టని వస్తువులు పది చెప్పుడు. అవి ఏ దారిన వచ్చినవి?

4. ఇంటిలో విడువరాని వస్తువు ఒకటి చూపి, దాని కథను బిడ్డలకు అవ్వగాని తాతగాని చెప్పవలెను.